మాల తీసిన మర్నాటి సిగరెట్: పొగ మానడానికి మనసును కూడగట్టుకునే పద్ధతి

కార్తీకం వచ్చిందంటే మా వీధిలో నలుగురైదుగురు నల్లబట్టల్లోకి మారిపోతారు. ముందురోజు రాత్రి దాకా రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చిన మనిషి, తెల్లవారుజామున చన్నీటి స్నానం చేసి మెడలో మాల వేసుకున్న క్షణం నుంచి 41 రోజులు పొగ ముట్టడు. (చాటుగా దమ్ము కొట్టే స్వాములూ ఉంటారు. వాళ్ళ సంగతి అయ్యప్పే చూసుకుంటాడు.) నేనూ నాలుగుసార్లు మాల వేసుకున్నాను. నాలుగుసార్లూ మండలం రోజులు నిష్ఠగా ఉన్నాను. నాలుగుసార్లూ మా అమ్మ చేత మాల తీయించుకున్న మర్నాడు ఉదయం టీ కొట్టు దగ్గర, పాత బాకీ వసూలు చేసుకుంటున్నట్టు ఒకటి వెలిగించాను.

నాలుగోసారి అలా వెలిగించాకే ఒక లెక్క తట్టింది. నికోటిన్ మానినప్పుడు పుట్టే చికాకు, నిద్రలేమి, తలనొప్పి మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ముదురుతాయి. తరవాత రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. అంటే 42వ రోజున సిగరెట్ ఇమ్మని నా ఒళ్ళు అడగడం లేదు. ఎత్తు నాలుగుసార్లూ ఎక్కేశాను, చదును నేల మీదికి వచ్చాక నాలుగుసార్లూ కూలబడ్డాను. దీక్షకు కారణం ఉంది, దీక్ష అయ్యాక కారణం లేదు. అంతే తేడా.

ఆ కారణాన్ని ఎలా వెతుక్కోవాలో, దొరికాక ఎక్కడ పెట్టుకోవాలో ఇక్కడ చెబుతాను. బీడీకీ చుట్టకూ కూడా ఇదే వర్తిస్తుంది. మొత్తం పదిహేను రోజుల పని. మొదటి వారం మిమ్మల్ని మానమని కూడా అడగను.

మొదటి అడుగు: మీ కోరికకు పదికి ఎన్ని మార్కులు?

2016–17లో దేశమంతటా జరిగిన పెద్దల పొగాకు సర్వేలో, పొగ తాగేవారిలో 55.4 శాతం మంది మానే ఆలోచనలో ఉన్నామనో, మానాలని నిర్ణయించుకున్నామనో చెప్పారు. అంటే కాల్చే ఇద్దరిలో ఒకరికైనా మానాలని ఉంది. అదే మనిషికి కాల్చాలనీ ఉంది. రెండు కోరికలూ ఒకే ఒంట్లో కాపురం చేస్తుంటాయి. ఇంట్లోవాళ్ళు ‘మానెయ్యి’ అని ఒక వైపు లాగగానే, మనం రెండో వైపు తరఫున వకాల్తా పుచ్చుకుంటాం. ‘మా తాత తొంభై ఏళ్ళ దాకా చుట్ట కాల్చాడు, ఏమైంది?’ ఈ తాత ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. అరవై దాటకుండా పోయిన తాతల గురించి ఆ సమయంలో ఎవరికీ గుర్తు రాదు.

అందుకని వాదన మానేసి ఒక ప్రశ్న వేసుకోండి. సిగరెట్ మానాలని మీకు ఎంత ఉంది, సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పండి. నాలుగు అనుకుందాం. ‘తొమ్మిది ఎందుకు కాదు?’ అని అడిగితే మళ్ళీ సాకులే వస్తాయి. ‘ఒకటి ఎందుకు కాదు?’ అని అడగండి. దానికి మీ నోటి నుంచి ఏ జవాబు వచ్చినా, అది మీ సొంత కారణమే. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తీర్చిదిద్దిన మాట్లాడే పద్ధతిలో ఇది ఒక భాగం. వ్యసనాల నుంచి బయటపడదలచిన వారితో కౌన్సెలర్లు దీన్ని వాడతారు. మీతో మీరు కూడా వాడుకోవచ్చు.

తరవాత రెండో అంకె: మానగలనన్న నమ్మకం ఎంత ఉంది? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. కోరిక తక్కువైతే రెండు, మూడు అడుగుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. కోరిక ఎనిమిది ఉండి నమ్మకం రెండే ఉంటే, మీకు కావలసింది ఉపదేశం కాదు, సాయం. మీరు అయిదు, ఆరు అడుగులను ముందు చదవండి. నా సంగతి తలకిందులు: కోరిక నాలుగు, నమ్మకం ఎనిమిది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానగలనన్న ధీమా నాకు ఆ మాలలే ఇచ్చాయి. ఆ ధీమాతోనే తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను.

రెండో అడుగు: మూడు రోజులు కాల్చండి, రాయండి

ఒక కాగితం మడిచి సిగరెట్ పెట్టెలోనే పెట్టుకోండి. విడిగా కొనేవారు జేబులో పెట్టుకోండి. వెలిగించే ముందు గంట, సందర్భం, ఎంత కావాలనిపించిందో పదికి ఒక అంకె రాయాలి. కాల్చాక రాస్తే అబద్ధం కలుస్తుంది.

నా కాగితంలో ఒక రోజు ఇలా ఉంది:

6.10, బాత్‌రూమ్‌కు వెళ్ళే ముందు, 9
8.40, బస్సు రాలేదు, 3
11.00, టీ, 6
11.20, అందరూ వెలిగించారు, 1
1.45, భోజనం అయ్యాక, 7
4.00, టీ, 5
6.30, ఆఫీసు గేటు దాటగానే, 4
9.30, మేడ మీద, ఒక్కణ్ణే, 9

ఎనిమిదిలో నిజంగా కావాలని కాల్చినవి మూడు. 11.20 దగ్గర పెట్టిన ఆ ‘1’ నన్ను చాలా రోజులు వెంటాడింది. అక్కర్లేనిది, పద్ధెనిమిది రూపాయలది, మొహమాటానికి కాల్చాను. మీ కాగితంలోనూ ఇలాంటివి సగం తేలుతాయి. మానడమంటే ఎనిమిది సిగరెట్లతో యుద్ధం అనుకున్నవాడికి, శత్రువులు ముగ్గురే అని తెలిస్తే నమ్మకం రెండు మార్కులు పెరుగుతుంది.

ఇంకొకటి చూసుకోండి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగిస్తున్నారంటే నికోటిన్ మీద మీ ఒళ్ళు గట్టిగానే ఆధారపడి ఉంది. అలాంటివారు మనోబలం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మూడో అడుగు: కారణం వెతకడం

ఇక్కడే అసలు పని. తొందరపడకండి.

ముందుగా భయం సంగతి. 2016 ఏప్రిల్ నుంచి సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక ఉంది. చూసి ఆలోచనలో పడినవారు చాలామంది ఉన్నారు, దాన్ని తీసిపారేయను. కానీ విడిగా ఒకటీ రెండూ కొనేవాడికి ఆ బొమ్మ కనబడదు, దాని పక్కనున్న సహాయ కేంద్రం నంబరూ కనబడదు. కనబడినా భయానికి ఒక చిక్కు ఉంది: అది కంగారు పుట్టిస్తుంది, కంగారుకు మనకు తెలిసిన మందు సిగరెట్టే. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళను తలచుకోండి. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. అంగిలి పుండు పడి క్యాన్సర్‌గా మారడం ఆ తీరపు పల్లెల్లో డాక్టర్లు దశాబ్దాల కిందటే గమనించారు. పక్కింటామెకు వచ్చింది తెలిసినా అలవాటు ఊరి నుంచి పోలేదు. ఇరవై ఏళ్ళ తరవాతి జబ్బు, చేతిలో ఉన్న వేడి టీతో పోటీ పడలేదు.

కాబట్టి కారణానికి మూడు గుణాలుండాలి: దగ్గరిదై ఉండాలి, చిన్నదై ఉండాలి, మీదై ఉండాలి. ‘కూతురి పెళ్ళి చూడాలి’ గొప్ప కారణమే. కానీ కూతురు ఇప్పుడు మూడో తరగతి. సాయంత్రం నాలుగింటికి ఆ పెళ్ళి చాలా దూరం.

చిన్న కారణాలు దొరకాలంటే ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు చెప్పండి.

గత నెలలో పొగ కోసం ఏ అబద్ధం ఆడారు? ‘కొట్టుకెళ్ళి పెరుగు తెస్తా’ కూడా లెక్కే. ఎవరి దగ్గరికి వెళ్ళే ముందు లవంగమో సోంపో నములుతున్నారు?

ఎక్కడికి బయలుదేరినా ముందుగా ఏ లెక్క వేసుకుంటున్నారు? రైలు కాజీపేటలో ఎంతసేపు ఆగుతుంది, విమానాశ్రయంలో పొగగది ఎటు ఉంది, అలిపిరి తనిఖీ దగ్గర పెట్టె తీసేసుకుంటారు కదా, కొండ మీద రెండు రోజులు ఎలా? దర్శనానికి వెళ్తూ మనం తలచుకుంటున్నది దేన్ని?

మిమ్మల్ని చూసి ఎవరు కొంచెం ఎడంగా కూర్చుంటున్నారు?

డబ్బు లెక్క కూడా వేయండి, కానీ ఊహించి కాదు. ఫోన్‌లో చెల్లింపుల చరిత్ర తెరిచి మీ టీ కొట్టు పేరు వెతకండి. ఒకప్పుడు కొట్టువాడి ఖాతా పుస్తకంలో ఉండే రహస్యం ఇప్పుడు మన జేబులోనే ఉంది. రోజుకు ఎనిమిది, ఒక్కోటి 18 రూపాయల లెక్కన నాకు రోజుకు 144, నెలకు 4,320 తేలింది. ఏడాదికి 52,560. ఏడాది అంకె చూసి గుండె బాదుకోవడం దండగ, అది కూడా దూరపు అంకే. నెల అంకెను ఇంట్లో ఏదైనా బిల్లు పక్కన పెట్టి చూడండి. మాకు అది రెండు నెలల కరెంటు బిల్లు.

నా కారణం డబ్బు దగ్గర దొరకలేదు, మెట్ల మీద దొరికింది. మా ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు పాడైన రోజుల్లో రెండో అంతస్తు మలుపులో ఆగి ఫోన్ తీసి ఏదో సందేశం చదువుతున్నట్టు నటించేవాణ్ణి. పక్కన వచ్చే కుర్రాడికి నా ఆయాసం వినబడకూడదని. ఏళ్ళ తరబడి అలా నటిస్తున్నానని, అబద్ధాల ప్రశ్నకు జవాబు రాస్తున్నప్పుడు గాని నాకే తెలియలేదు. ‘మెట్ల మలుపులో ఫోన్ చూడకుండా ఎక్కాలి.’ ఇదే నేను రాసుకున్న వాక్యం. ఇంత అల్పమైనదా అంటే, అవును, ఇంతే.

అంతకు ముందు ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని రాసుకున్నాను. నాలుగింటికి టీ గ్లాసు చేతిలో పెట్టుకుని చదివితే నవ్వొచ్చింది. నవ్వుతూనే వెలిగించాను. మీ వాక్యాన్నీ ఇదే పరీక్షకు పెట్టండి. ఇంట్లో కుర్చీలో కూర్చుని కాదు, కొట్టు దగ్గర, పొగ వాసన మధ్య. చదివాక చేయి అర నిమిషమైనా ఆగితే అది పనికొస్తుంది. నవ్వొస్తే చింపేసి ఇంకొకటి రాయండి. మూడు నాలుగు చింపాల్సి రావచ్చు.

నాలుగో అడుగు: సిగరెట్ చేసే పనులను వేరేవాళ్ళకు అప్పగించండి

సిగరెట్ మనకు ఏమీ ఇవ్వదని చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. ఇస్తుంది. అందులో ఏది నిజం, ఏది గారడీ అన్నది తేల్చుకోవాలి.

‘టెన్షన్ తగ్గిస్తుంది’ అన్నది గారడీ. పీల్చిన నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది, దాదాపు రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. ఆ పడిపోవడమే అసహనం. దాన్ని తర్వాతి సిగరెట్ తీరుస్తుంది. నిన్నటి వడ్డీ కట్టడానికి అదే షావుకారు దగ్గర ఇవాళ మళ్ళీ అప్పు చేసి, ‘ఆదుకున్నాడు మహానుభావుడు’ అని దండం పెట్టినట్టు.

నిజమైనవీ ఉన్నాయి. పని మధ్యలో అయిదు నిమిషాల విరామం నిజం. దాన్ని వదులుకోకండి. టీకి వెళ్ళండి, మొదటి రెండు వారాలు మాత్రం పొగరాయుళ్ళు లేని కొట్టుకు వెళ్ళండి. ఉదయం విరేచనం కావడమూ చాలామందికి నిజమే. మానిన కొత్తలో మలబద్ధకం వస్తుంది, అది తెలియక ‘నాకు సిగరెట్ పడకపోతే కుదరదు’ అని తిరిగి మొదలుపెట్టినవాళ్ళు నాకు తెలుసు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు, రాత్రి భోజనంలో ఆకుకూర, ఒక జామకాయో బొప్పాయి ముక్కలో, పది నిమిషాల నడక. కొన్ని వారాల్లో దారిలో పడుతుంది. స్నేహితుల మధ్య చేతికి పని ఉండాలి, టీ గ్లాసును సిగరెట్ పట్టుకునే చేత్తోనే పట్టుకోండి.

మేడ మీద రాత్రి తొమ్మిదిన్నర సిగరెట్‌కు మాత్రం నాకు ప్రత్యామ్నాయం దొరకలేదు. కొన్నాళ్ళు మేడ ఎక్కడం మానేశాను. అంతే.

అయిదో అడుగు: దీక్ష కట్టుబాట్లను అరువు తెచ్చుకోండి

మాలలో ఉన్నప్పుడు ఎందుకు కుదురుతుంది? భక్తి ఒక్కటే అనుకుంటే మిగతావి కనబడవు. దీక్షకు మొదలయ్యే తేదీ ఉంది. ఒంటి మీద పదిమందికీ కనబడే గుర్తు ఉంది. తెల్లవారగానే చేయవలసిన పని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు పేరు మార్చి ‘స్వామీ’ అని పిలుస్తారు, ఆ పిలుపు వింటూ సిగరెట్ పట్టుకోవడం కష్టం. అన్నిటికీ మించి, ‘ఒక్కటి కాల్చనా’ అని రోజూ మనసుతో బేరం పెట్టుకునే అవసరం ఉండదు. నిర్ణయం ఒక్కసారే అయిపోయింది. హైదరాబాద్ పాతబస్తీలో రంజాన్ నెలంతా సహర్ నుంచి ఇఫ్తార్ దాకా పొగ ముట్టనివారిదీ ఇదే బలం. ఇఫ్తార్ అవగానే వెలిగించేవారిదీ, 42వ రోజున వెలిగించిన నాదీ ఒకే బలహీనత.

కట్టుబాట్లను తెచ్చుకుని, గడువును మాత్రం అక్కడే వదిలేయండి.

రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టుకోండి. పెళ్ళి, ఆడిటు, పరీక్ష ఉన్న వారం వద్దు. ముందురోజు ఇంట్లో, బండి డిక్కీలో, పాత ప్యాంటు జేబుల్లో ఉన్న పెట్టెలు, లైటర్లు, యాష్‌ట్రే అన్నీ బయటికి పోవాలి. ‘ఎందుకైనా మంచిదని’ దాచిన ఆ ఒక్కటి కూడా. జేబులో పెట్టె ఉండే చోట మీ వాక్యం రాసిన కాగితం పెట్టండి. ఉదయం మొదటి సిగరెట్ వేళకు ఒక పని పెట్టుకోండి, స్నానమైనా సరే. ముగ్గురికి చెప్పండి: ఇంట్లో ఒకరు, కలిసి కాల్చే స్నేహితుడు ఒకరు, మూడోవాడు కొట్టువాడు. ఖాతా ఉంటే కట్టేసి మూసేయండి. నేను మా కొట్టతనికి ‘అడిగినా ఇవ్వద్దు’ అని చెబితే, అతను గ్లాసులు కడుగుతూ, ‘ఎన్నాళ్ళకు సార్?’ అన్నాడు. నాలుగుసార్లు ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది. అయిదోసారి, ‘తెలియదు’ అన్నాను. చెప్పాక కాస్త భయం వేసింది.

ఒట్టు మాత్రం పెట్టుకోకండి. దేవుడి మీద, పిల్లల తల మీద అసలే వద్దు. ఒకవేళ జారితే ఆ పాపభీతి తట్టుకోలేక మరో నాలుగు కాలుస్తారు.

ఆరో అడుగు: పట్టుదల కారిపోకుండా మందు

ఒళ్ళు గట్టిగా లాగుతుంటే ఎంత మంచి కారణమైనా మూడు రోజుల్లో పలచబడుతుంది. మందు తీసుకోవడం చేతకానితనం కాదు. ఏ సాయమూ లేకుండా మానినవారిలో ఏడాది నిలిచేవారు చాలా తక్కువ, నూటికి అయిదుగురు కూడా ఉండరు. నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి ఆ అవకాశాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేస్తాయి.

2 మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలి, పనిచేయడం లేదనేవారే ఎక్కువ. నెమ్మదిగా నమలాలి, నాలుకకు కారంగా చురుక్కుమనగానే ఆపి చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా అరగంట. మనకు ముఖ్యమైన సంగతి: టీ, కాఫీ, సోడా తాగిన పావుగంట లోపు గమ్ వేసుకున్నా, గమ్ నోట్లో ఉండగా అవి తాగినా నికోటిన్ సరిగా ఎక్కదు. టీ తాగి గమ్ వేసుకుంటే డబ్బు దండగ. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టర్‌ను అడగాలి. ఆస్తమాకు, మానసిక సమస్యలకు మందులు వాడేవారు మానుతున్నట్టు తమ డాక్టర్‌కు చెప్పాలి. పొగ ఆగితే కొన్ని మందుల మోతాదు మార్చవలసి రావచ్చు. డాక్టర్లు రాసే మాత్రలూ ఉన్నాయి. ఈ-సిగరెట్ల జోలికి పోవద్దు. 2019 నుంచి మన దేశంలో వాటి అమ్మకం నిషేధం.

1800-11-2356. ఇది జాతీయ పొగాకు విముక్తి సహాయ కేంద్రం నంబరు, ఉచితం. 2018 నుంచి ప్రతి పెట్టె మీదా ముద్రిస్తున్నారు. తెలుగులో మాట్లాడవచ్చు. తేదీ పెట్టుకోవడానికి సాయం చేస్తారు, ఆ తరవాత వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి అడుగుతారు. నంబరును ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి, దమ్ము కావాలనిపించే క్షణంలో వెతికే ఓపిక ఉండదు.

ఏడో అడుగు: 42వ రోజు

కారణం అరిగిపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. రెండో నెల నడుస్తుండగా ఒక రోజు మూడంతస్తులూ మాట్లాడుతూ ఎక్కేశాను, మలుపు దగ్గర ఆగలేదు. సంతోషించానా? ఆ సాయంత్రమే, ‘ఇప్పుడు బాగానే ఉంది కదా, ఒకటి కాలిస్తే ఏమవుతుంది’ అని మనసు మెల్లిగా మొదలుపెట్టింది. పని పూర్తయ్యాక నా కారణం నెగ్గింది, నెగ్గి ఖాళీ అయిపోయింది. మాల తీయడం అంటే ఇదే.

అందుకని నెలకొకసారి కాగితం మార్చండి. మొదటి అడుగులో వేసిన రెండు అంకెలూ మళ్ళీ వేయండి, మూడో అడుగు ప్రశ్నలు మళ్ళీ చదవండి. ఈసారి జవాబులు వేరేగా వస్తాయి. నా రెండో వాక్యం: ‘ఎవరింటికి వెళ్ళినా ముందు లవంగం కోసం జేబు తడుముకోకూడదు.’ మూడోది డబ్బు గురించి, అప్పటికి మిగిలిన సొమ్ము కళ్ళకు కనబడుతోంది కాబట్టి అది పనిచేసింది.

ఎప్పుడైనా జారి ఒకటి కాల్చారనుకోండి. లెక్క సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, పెట్టె కొనకుండా ఉంటే చాలు. ఆ రాత్రే కాగితం మీద మూడు ముక్కలు రాయండి: ఎక్కడ, ఎవరితో, చేతిలో ఏముంది. నేను మానాక రెండుసార్లు జారాను. రెండూ పెళ్ళిళ్ళలోనే, భోజనాలయ్యాక షామియానా వెనక, బావమరిదితో, చేతిలో కిళ్ళీ. మూడో పెళ్ళికి కిళ్ళీ చేతిలోకి రాకముందే పిల్లల్ని బండెక్కించి ఇంటికి వచ్చేశాను. బావమరిది ఇప్పటికీ అలుగుతూనే ఉన్నాడు.